ఒంటి స్లాటు నేరం

“ఫస్ట్ జనరేషన్ అన్నా అది. సింగిల్ స్లాట్. వేస్ట్. సోనీ తీస్కో.”

పంజాగుట్టలో ఒక కెమెరా దుకాణం కౌంటర్ దగ్గర ఈ మధ్య నా చెవిన పడ్డ తీర్పు ఇది. ముద్దాయి నికాన్ జెడ్ 6. విచారణ లేదు, సాక్షుల్లేరు, ఊపిరి పీల్చుకునేలోగా శిక్ష ఖరారైపోయింది. అడిగిన కుర్రాడు అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ ఎడిటింగ్ నేర్చుకుంటున్నాడట. సెకండ్ హ్యాండ్ జెడ్ 6 ఒకటి తన చేతిలో ఉన్న డబ్బుకు వచ్చేలా ఉంది, తీసుకోవచ్చా అని అడిగాడు పాపం. ఏం తీస్తావు తమ్మీ, నీ దగ్గర ఇదివరకే లెన్సులేమైనా ఉన్నాయా, పెళ్ళిళ్ళా, షార్ట్ ఫిల్ములా, రాత్రి పనా, పగటి పనా అని ఎదురు ప్రశ్న ఒక్కటి పడలేదు. పోనీ కుర్రాడైనా ఎందుకు వేస్టని అడిగాడా? లేదు. “అవునన్నా, నేన్గూడ విన్న” అన్నాడు. అదిగో, అక్కడ మండింది నాకు.

ఎందుకంటే నేనూ విన్నాను. ఎక్కడికి పోయినా అదే. నాగార్జున సర్కిల్ దగ్గర వింటాం, మైత్రీవనం పక్కన చాయ్ బండి దగ్గర వింటాం, యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ సందుల్లో కెమెరాలు అద్దెకిచ్చేవాళ్ళ నోట వింటాం. ఒక కంపెనీ మొదటిసారి మిర్రర్‌లెస్, అంటే లోపల అద్దం లేని కెమెరా, చేసిందంటే దాన్ని ముట్టుకోకూడదు. అప్పటికే పాతుకుపోయినవాడి మూడో మోడలో నాలుగో మోడలో తీసుకోవాలి. ఇదీ సిద్ధాంతం. ఇంత గట్టిగా చెప్పేవాళ్ళలో ఆ మొదటి కెమెరాను ఒక పూటైనా మెడలో వేసుకుని తిరిగినవాళ్ళెందరని అడిగితే మాత్రం చూపులు పక్కకు తిరుగుతాయి.

అమీర్‌పేట తెలిసినవాళ్ళకు ఈ పద్ధతి కొత్త కాదు. ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో, దానికేం చెప్పాలో ముందే రాసిపెట్టి జిరాక్సు కట్టలుగా అమ్మే పేట ఇది. జావాకో కట్ట, టెస్టింగుకో కట్ట, శాప్‌కో కట్ట. వాటిని డంప్స్ అంటారు. కోడు రాయడం రాకపోయినా జవాబు నోటికొస్తే గట్టెక్కొచ్చు. కెమెరాలకు కూడా ఇప్పుడు అలాంటి డంప్ ఒకటి తయారైంది. ప్రశ్న: జెడ్ 6 ఎందుకు కొనకూడదు? జవాబు: ఒకటి, కార్డు స్లాటు ఒక్కటే. రెండు, ఫోకస్ పాయింట్లు 273 మాత్రమే. మూడు, బ్యాటరీ 310 ఫోటోలకే చాలు. నాలుగు, ఫస్ట్ జనరేషన్. బట్టీ పట్టినవాడికి పూర్తి మార్కులు.

సరే, పాయింట్ల లెక్కే చూద్దాం. జెడ్ 6కు 273, సోనీ ఏ7 మార్క్ 3కి 693, కాబట్టి సోనీ గొప్పది. బాగుంది. అయితే జెడ్ 6 వచ్చిన కాలంలోనే, 2018 సెప్టెంబరులో, కెనాన్ తన ఈఓఎస్ ఆర్‌ను ప్రకటించింది. అందులో ఎంచుకోదగ్గ ఫోకస్ స్థానాలు 5,655 అని కాగితం మీద రాసుకుంది. సోనీకి ఎనిమిది రెట్లు! లెక్కే ప్రమాణమైతే ఈ బజారంతా కెనాన్ ముందు సాగిలపడాలి కదా? పడలేదు. దాన్ని కూడా తీసుకొచ్చి నికాన్ పక్కనే ఒకే గాటన కట్టారు, అదీ ఫస్ట్ జనరేషన్, అదీ సింగిల్ స్లాట్ అని. అంటే అంకెలు నచ్చిన చోట సాక్ష్యం, నచ్చని చోట చెత్త. ఒక్కో కంపెనీ ఆ పాయింట్లను ఒక్కో తీరున లెక్కపెడుతుందని, ఒకదాని సంఖ్య పక్కన ఇంకొకదాని సంఖ్య పెట్టి బేరీజు వేయడమే అర్థం లేని పని అని డంప్‌లో ఉండదు. మరి అదే కాగితంలో వ్యూఫైండర్ వరస కూడా ఉంటుంది కదా? జెడ్ 6కు 36.9 లక్షల చుక్కలు, ఏ7 మార్క్ 3కి 23.6 లక్షలు. రోజంతా కన్ను పెట్టి చూసేది దాంట్లోంచే. ఆ వరస దగ్గరకొచ్చేసరికి అందరి గొంతూ పోతుంది.

అసలు జెడ్ 6ను ‘నికాన్ మొదటి మిర్రర్‌లెస్’ అనడమే తప్పు. 2011 సెప్టెంబరులోనే నికాన్ 1 పేరుతో జె1, వి1 వచ్చాయి. సెన్సారు ఒక అంగుళం తరగతిది, చిన్నది. లెన్సులు దానికే ప్రత్యేకం. 2018లో, జెడ్ బయటికి రావడానికి కాస్త ముందు, ఆ వరసంతా మూసేశామని నికాన్ ఒప్పుకుంది. వాటికి లెన్సులు కొన్నవాళ్ళు నడిరోడ్డున నిలబడ్డారు. ఫుల్‌ఫ్రేమ్‌లో మొదటివి 2018 ఆగస్టు 23న ప్రకటించిన జెడ్ 7, జెడ్ 6. మన తీర్పరులకు ఈ నికాన్ 1 కథ తెలిసి ఉంటే వాళ్ళ వాదనకు కాస్త బలం వచ్చేది. తెలియదు. వాళ్ళ తరఫున నేనే చెప్పాల్సి వచ్చింది.

ఇక అసలు నేరానికి వద్దాం. ఒంటి స్లాటు.

సోనీ తన తొలి ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ ఏ7ను 2013 అక్టోబరులో ప్రకటించింది. ఎన్ని స్లాట్లు? ఒకటి. 2014లో ఏ7 మార్క్ 2. ఒకటి. 2015లో ఏ7ఆర్ మార్క్ 2. అప్పుడూ ఒకటే. రెండో స్లాటు రావడానికి 2017 దాకా పట్టింది, అదీ ఖరీదైన ఏ9తో. సామాన్యుడికి అందే మామూలు ఏ7లోకి దిగింది 2018లో. ఆ మధ్య కాలమంతా సోనీ భక్తులకు ఒక్క స్లాటుతోనే కాలం గడిచింది. అప్పట్లో బ్యాటరీ గంటల్లో అయిపోయేది, లెన్సులు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని, ఏ7ఆర్ షట్టర్ చప్పుడుకు ఉయ్యాల్లో పిల్లలు లేచేవాళ్ళు. అయినా అది ‘కొత్త శకం’. మూడోసారికి అవన్నీ సర్దుకున్నాక, ఆ మూడోదాన్ని తెచ్చి ఇంకొకరి మొదటిదాని పక్కన పెట్టి, చూశావా తేడా అంటారు. తేడా ఉండదా మరి? అప్పుడు వాళ్ళకు దొరికిన క్షమాభిక్ష ఇప్పుడు వీళ్ళకెందుకు లేదు?

ఇంకా వెనక్కి పోదాం. 2008లో వచ్చిన కెనాన్ 5డి మార్క్ 2. ఈ రాష్ట్రంలో, పక్క రాష్ట్రంలో పెళ్ళి ఫోటోల రూపురేఖలు మార్చిన కెమెరా ఏదంటే పాత స్టూడియో వాళ్ళందరూ దాని పేరే చెబుతారు. దానికెన్ని స్లాట్లు? ఒకటి. అదే ఏడు వచ్చిన నికాన్ డి700కు? ఒకటి. 2011లో రాంగోపాల్ వర్మ రవితేజను పెట్టి ‘దొంగల ముఠా’ను కెనాన్ 5డి కెమెరాలతో ఐదు రోజుల్లో చుట్టేశానని ఊరూవాడా చాటుకున్నాడు. సినిమా ఎలా ఉందన్నది వేరే గొడవ. కానీ ఒక పెద్ద హీరో డేట్లు, నిర్మాత డబ్బు, థియేటర్ల రిలీజు అన్నీ ఆ కెమెరాల మీద నిలబెట్టినప్పుడు, రెండో స్లాటేదని కృష్ణానగర్‌లో ఒక్కడూ అడిగినట్టు గుర్తులేదు. పైగా ఆ తర్వాత అందరూ అదే కెమెరా కోసం ఎగబడ్డారు. షార్ట్ ఫిల్ముల కాలమంతా ఆ ఒంటి స్లాటు మీదే నడిచింది.

ఫిల్ము రోజుల మాట చెప్పనక్కర్లేదు. రీలు ఒకటి, నెగెటివ్ ఒకటి. ‘మాయాబజార్’కు కెమెరామన్ మార్కస్ బార్ట్లీ తీసిన వెన్నెలకు మొదట ఉన్నది ఒక్క నెగెటివే. పెళ్ళికి వచ్చిన స్టూడియో ఆయన 36 ఫోటోల రోలు వేసుకుని, తాళి కట్టే సమయానికి రోలు అయిపోకుండా మనసులో లెక్క పెట్టుకుంటూ నిలబడేవాడు. భయం లేదా? ఉంది. ఆ భయంతోనే పని జాగ్రత్తగా చేసేవాడు.

‘అది వేరే కాలం, ఇప్పుడు సౌకర్యం ఉన్నప్పుడు ఎందుకు వదులుకోవాలి’ అంటారు. వదులుకోమని నేనూ అనను. నేనడిగేది ఒకటే: ఆ రెండో స్లాటుతో మీరేం చేస్తున్నారు? ఈసారి ఏ ఫంక్షన్ హాల్లోనైనా రెండు స్లాట్ల కెమెరా పట్టుకున్నవాణ్ని మూత తెరిచి చూపించమనండి. ఒకచోట రెండో గూడు ఖాళీ. ఒకచోట కార్డు ఉంటుంది గానీ మొదటిది నిండాక దాంట్లోకి పోయేలా పెట్టి ఉంటుంది, అంటే నకలు లేదు, సంచి పెద్దదైందంతే. ఇంకోచోట ఫోటోలు ఒకదాంట్లో, వీడియో ఒకదాంట్లో. రెంటిలోనూ ఒకేసారి నకలు పడేలా పెట్టుకున్నవాడు ఎక్కడో ఒకడు. వాడికి దండం పెడతాను, వాడు ఏ కెమెరా కొన్నా నాకు అభ్యంతరం లేదు. అన్నట్టు, అంతగా మొక్కే ఏ7 మార్క్ 3లో రెండు స్లాట్లూ సమానం కావు. ఒకటే వేగం కలది, రెండోది పాత తరహాది. రెంటిలోనూ రాయమంటే నెమ్మదిగా ఉన్నదాని కోసం మిగతాదంతా ఆగాల్సిందే. డంప్‌లో ఈ ముక్క లేదు.

పెళ్ళి ఫోటోలు పోయిన కథలు నేను చాలా విన్నాను. కార్డు కెమెరాలో ఉండగానే చచ్చిపోయిన కథ వాటిలో అరుదు. తెల్లవారుజామున ముహూర్తం ముగించి, మధ్యాహ్నం ఇంకో ఊళ్ళో రిసెప్షనుకు పరుగెత్తి, అక్కడ కార్డు చాలక నిన్నటిదాన్ని ఫార్మాట్ కొట్టినవాడి కథ ఉంది. కార్డు జేబులో వేసుకుని, చొక్కా చాకలికి వేసినవాడి కథ ఉంది. మొత్తం పెళ్ళిని ఒకే ఒక్క హార్డ్ డిస్కులోకి దించి, దాన్ని బైకు డిక్కీలో పెట్టుకుని అమీర్‌పేటలో ఎడిటర్ గదికి వస్తూ గుంతలో ఎగిరిపడ్డవాడి కథ ఉంది. ఎడిటర్ గది ఖాళీ చేసి పోతే డిస్కు ఎక్కడుందో తెలియక ఆర్నెల్లు ఫోన్లు చేసిన పెళ్ళికూతురి తండ్రి గోడు కూడా విన్నాను. వీటిలో ఏదీ స్లాటు ఆపగలిగేది కాదు. ఇదంతా మన చేతి నిర్లక్ష్యం. దాన్ని ఒప్పుకోవడం కష్టం గనక, జపాన్‌లో ఎవరో ఇంజినీరు ఒక గూడు తక్కువ పెట్టాడని తిట్టడం సుఖం.

ఇంతకూ ఆ ఒక్క గూడులో పెట్టే కార్డు ఎక్స్‌క్యూడీ. గట్టిది, వేగమైనది, సులువుగా వంగేదీ విరిగేదీ కాదు. ఆ తరహా కార్డును 2010లో ముందుకు తెచ్చిన కంపెనీల్లో నికాన్, శాన్‌డిస్క్‌లతో పాటు సోనీ కూడా ఉంది, తన పేరుతో అమ్మింది కూడా. ఆ కార్డు ఖరీదని తిట్టండి, ఒప్పుకుంటాను. అర్ధరాత్రి ఏ ఊళ్ళోనో అవసరమైతే దొరకదని తిట్టండి, ఇంకా ఒప్పుకుంటాను. కానీ అలా తిట్టాలంటే ముందు ఆ కార్డును చేత్తో పట్టుకుని ఉండాలి.

పెళ్ళిళ్ళ మాట వచ్చింది గనక ఇంకో బాధ చెప్పుకుని ముందుకు పోతాను. మిర్రర్‌లెస్ వల్ల నిజంగా ఒక మేలు జరగవచ్చు: చప్పుడు లేకుండా, అడ్డం రాకుండా, దూరంగా నిలబడి తీయొచ్చు. జరిగిందేమిటి? జీలకర్ర బెల్లం పెట్టే వేళకు తెర తీయగానే వధూవరులు ఒకరినొకరు చూసుకునే ముందు ఆరుగురు కెమెరా వాళ్ళ వీపులు చూస్తారు. గింబల్ పట్టుకున్నవాడొకడు పీటల చుట్టూ పీఠాధిపతిలా తిరుగుతుంటాడు. నెత్తిన డ్రోను. ఇంతలో పంతులు గారిని ‘స్వామీ, ఒక్కసారి ఆగండి, మళ్ళీ పెట్టించండి’ అంటారు. ముహూర్తం ఆగుతుందా వీళ్ళ ఫోకస్ కోసం? పిల్ల మేనత్తకు, మేనమామకు కనిపించేది స్టేజీ పక్కన పెట్టిన ఎల్‌ఈడీ తెర. భోజనాల దాకా ఆగలేక వెళ్ళిపోయిన పెద్దవాళ్ళు ఏ కెమెరాలోనూ ఉండరు. ఇంత చేసి ఇంటికి చేరిన ఆల్బంలో పెళ్ళికూతురి చామనచాయ మాయమై, ముఖం మీద ఒక్క గీతైనా లేకుండా, ఎవరి పిల్లో పోల్చుకోలేనంత తెల్లగా వస్తుంది. ఆ తర్వాత అదే మనుషులు కూర్చుని ‘కెనాన్ స్కిన్ టోనే స్కిన్ టోన్’ అని వాదించుకుంటారు! ఏ కంపెనీ రంగైతే ఏమిటయ్యా, చివరికి అన్నిటికీ పూసేది ఒకే సున్నం కదా.

సరే, వ్యాపారంలోకి వద్దాం. పాతుకుపోయిన కంపెనీ అంటే నమ్మకం అంటారు. సోనీ ఎప్పటి నుంచి పాతుకుపోయింది? 2006లో కోనికా మినోల్టా కెమెరా వ్యాపారం తీసుకుంది. దాంతో పాటు 1985 నుంచీ ఉన్న ‘ఏ’ మౌంట్, అంటే లెన్సు బిగించే నోరు, వచ్చింది. ‘ఇంత పాత మౌంట్, ఇంత పెద్ద కంపెనీ’ అని నమ్మి ఆ మౌంట్‌లో డబ్బు పోసినవాళ్ళు ఈ నగరంలోనూ ఉన్నారు. 2016లో ఏ99 మార్క్ 2 తర్వాత దాంట్లో కొత్త బాడీ రాలేదు. 2021లో ఉన్నవి కూడా అమ్మకం జాబితా లోంచి మాయమయ్యాయి. 2010లో ఎన్ఎక్స్ 10తో వచ్చిన శాంసంగ్ ఐదారేళ్ళు తిరక్కుండానే కెమెరాల వ్యాపారమే వదిలేసింది. కెనాన్ 2012లో ఈఓఎస్ ఎం అని ఒక చిన్న మిర్రర్‌లెస్ వరస మొదలుపెట్టి, పదేళ్ళు నడిపి, ఆర్ఎఫ్ మౌంట్ కుదురుకున్నాక దాన్ని మూలన పడేసింది. ఇవి కొన్నవాళ్ళెవరూ మొదటి మోడల్ కొన్నందుకు మునగలేదు. నాలుగో మోడలో ఐదో మోడలో కొన్నవాళ్ళు కూడా మునిగారు. ముంచింది మౌంట్.

అదే కెనాన్ 1987లో ఈఓఎస్ 650తో ఈఎఫ్ మౌంట్ తెచ్చి, పాత ఎఫ్‌డి లెన్సులను ఒక్క దెబ్బకు పనికిరాకుండా చేసింది. అప్పుడు జనం తిట్టని తిట్టు లేదు. అదీ ఒక మొదటి మోడలే. ఆ మౌంట్ మీదే తర్వాత ముప్పై ఏళ్ళు ప్రపంచంలో సగం పత్రికల ఫోటోలు, మన పెళ్ళిళ్ళు నడిచాయి. నికాన్ ఎఫ్ మౌంట్ పుట్టింది 1959లో. అమీర్‌పేట సారథీ స్టూడియోలో, పూర్తిగా హైదరాబాదులోనే తీసిన తొలి తెలుగు సినిమా అని చెప్పుకునే ‘మా ఇంటి మహాలక్ష్మి’ కూడా ఆ ఏడాదిదే. అప్పటి నుంచీ ఆ మౌంట్ నోరు 44 మిల్లీమీటర్లే. దాంతోనే ఆరు దశాబ్దాలు లాగారు. జెడ్ మౌంట్‌కు 55 మిల్లీమీటర్లు, సెన్సారుకూ మౌంట్‌కూ మధ్య దూరం 16 మిల్లీమీటర్లు. నోరు పెద్దదై, దూరం తగ్గితే లెన్సు చేసేవాడికి గాజు పెట్టడానికి చోటు దొరుకుతుంది. దాని ఫలితం చూడాలంటే జెడ్ 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 ఎస్ లెన్సుతో, పూర్తిగా తెరిచి, ఫోటో మూలల దాకా చూడండి. సోనీ ‘ఈ’ మౌంట్ నోరు 46 మిల్లీమీటర్లకు ఒక పిసరు ఎక్కువ; 2010లో చిన్న సెన్సారు నెక్స్ కెమెరాలతో మొదలైన మౌంట్ అది. ఆ నోటితోనే వాళ్ళు అద్భుతమైన లెన్సులు చేస్తున్నారు, కాదనను. కానీ ఒక కంపెనీ మొదటి బాడీ కొంటున్నామంటే నిజంగా తూచాల్సింది ఇది: ఈ మౌంట్ ఇరవై ఏళ్ళు ఉంటుందా, దీని మీద మంచి లెన్సులు వస్తాయా? బాడీ ఐదేళ్ళలో పాతబడేదే.

ఇక మిగిలిన ఫిర్యాదులు. కంటి మీద ఫోకస్ పట్టడంలో సోనీ ముందుందంటారు. అవును, ముందుంది. జెడ్ 6కు ఆ విద్య 2019 మేలో ఫర్మ్‌వేర్ ద్వారా వచ్చింది, తర్వాత ఇంకాస్త మెరుగైంది. బ్యాటరీ 310 ఫోటోలన్నది ఒక కొలత ప్రకారం వేసిన లెక్క. పని మీద ఉన్నప్పుడు దానికి ఎన్నో రెట్లు తీస్తారు. పైగా నికాన్ డి7000, డి750 వాడినవాళ్ళ సంచిలో పాత బ్యాటరీలు నాలుగైదు ఎలాగూ ఉంటాయి, అవి ఇందులోనూ పడతాయి.

మొదటి మోడల్ కొని నష్టపోయాం అనేవాళ్ళూ ఉన్నారు. జెడ్ 6 మన దగ్గరకు వచ్చినప్పుడు బాడీ లక్షా 70 వేల దగ్గర పలికింది, ఏ7 మార్క్ 3 కూడా ఇంచుమించు అంతే. అప్పుడు కెమెరాల మీద జీఎస్టీ 28 శాతం. 2019 జనవరి 1 నుంచి అది 18 శాతానికి దిగింది. నవంబరులోనో డిసెంబరులోనో తొందరపడ్డవాడికి గుండె మండడం న్యాయమే. కాకపోతే ఆ మంట ఢిల్లీ మీద చూపించాలి, నికాన్ మీద కాదు. బిల్లు లేకుండా గ్రే మార్కెట్‌లో కొని, తర్వాత సర్వీసు కోసం తిరిగి తిరిగి వేసారినవాడు కూడా ‘ఫస్ట్ జనరేషన్ కాబట్టే ఇలా’ అంటున్నాడు. అదేం లెక్కో!

నిజానికి ఈ కెమెరాను తిట్టాల్సిన చోటు ఒకటుంది. అది ఎవరూ తిట్టరు. పాత నికాన్ లెన్సులు వాడుకోవడానికి కంపెనీ ఇచ్చిన అడాప్టర్ పేరు ఎఫ్‌టీజెడ్. సొంత మోటారున్న ఏఎఫ్-ఎస్ లెన్సులు దాంతో చక్కగా పనిచేస్తాయి. కానీ మన ఊళ్ళ స్టూడియోల్లో బీరువాల్లో ఉన్నవేమిటి? 50 ఎఫ్ 1.8డి. 85 ఎఫ్ 1.8డి. కాస్త స్థోమతున్నవాడి దగ్గర 80-200 ఎఫ్ 2.8డి, కేజీ దాటిన బరువుతో. ఇవన్నీ కెమెరా బాడీలో ఉన్న మోటారు తిప్పితే తిరిగే లెన్సులు. డి750లో ఆ మోటారుంది. ఎఫ్‌టీజెడ్‌లో లేదు. అంటే అప్పుచేసి కొన్న 80-200ను జెడ్ 6కు తగిలిస్తే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. 2021లో ఎఫ్‌టీజెడ్ 2 వచ్చింది. అందులోనూ పెట్టలేదు! అరవై ఏళ్ళ మౌంట్ మాది, మీ పాత లెన్సులన్నీ మావే అని చెప్పుకునే కంపెనీ, కరీంనగర్‌లోనో ఏలూరులోనో స్టూడియో పెట్టుకుని ఇరవై ఏళ్ళుగా డి లెన్సులు కొన్నవాడికి చేసిన ద్రోహం ఇది. సిగ్గుపడాల్సింది దీనికి. పంజాగుట్టలో కౌంటర్ దగ్గర ఈ మాట ఒక్కసారైనా విన్నారా మీరు? నేను వినలేదు. స్లాటు సంగతి కాగితంలో ఉంటుంది గనక అందరికీ తెలుసు. మోటారు సంగతి ఆ కాగితంలో పెద్దగా కనిపించదు, లెన్సు తగిలిస్తే గానీ చాలామందికి తెలియదు.

ఇంకో తమాషా చూడండి. 2020 అక్టోబరులో జెడ్ 6 మార్క్ 2 వచ్చింది, రెండు స్లాట్లతో. ఇక నోరు మూతపడాలి కదా? ‘స్లాట్లిచ్చారు గానీ ఆటోఫోకస్ ఇంకా సోనీలా లేదు, మూడోది రానీ’ అన్నారు. 2024 జూన్‌లో మూడోది వచ్చింది, వేగమైన సెన్సారుతో, ఆటోఫోకస్ బాగా మెరుగై. ‘డైనమిక్ రేంజ్ తగ్గిందంట కదా’ అన్నారు. నీడలు ఐదు స్టాపులు పైకి లాగే అవసరం జన్మలో పడనివాడు కూడా అన్నాడు. ఇలాంటివాళ్ళ కోసం ఏ కంపెనీ ఎన్నో మోడల్ చేసినా లాభం లేదు. వాళ్ళకు కావలసింది కెమెరా కాదు, కొనకపోవడానికి ఒక కారణం. దుకాణంలో అది ఉచితంగా దొరుకుతోంది.

అయితే ఏం చేయమంటావు అంటారు. చెప్పడానికి నా దగ్గర పెద్ద శాస్త్రమేమీ లేదు. బాడీ సంగతి తర్వాత, ముందు ఏ లెన్సు కావాలో తేల్చుకోండి. అది ఏ మౌంట్‌లో మీ డబ్బుకు వస్తుందో చూడండి. బాడీని కృష్ణానగర్‌లో ఒక రోజుకు అద్దెకు తీసుకోండి. సాయంత్రం ఆరున్నరకు అమీర్‌పేట మెట్రో మెట్ల దగ్గర నిలబడి, మీదికొచ్చే జనాన్ని తీయండి. ఆషాఢంలో బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం రోజైతే మరీ మంచిది. ఆ తోపులాటలో, ఆ ట్యూబులైట్ల వెలుతురులో నిలిచిన కెమెరా ఏ ఫంక్షన్ హాల్లోనైనా నిలుస్తుంది. సైలెంట్ షట్టర్ పెట్టి ఎల్‌ఈడీ దీపాల కింద చారలు పడుతున్నాయేమో చూసుకోండి, అది అన్ని కంపెనీలకూ ఉన్న జబ్బే. పట్టు చేతికి కుదిరిందా, మెనూ కళ్ళు మూసుకుని తిప్పగలరా, అది కూడా మీకే తెలియాలి.

అందరూ కాదన్న పుణ్యాన జెడ్ 6, ఈఓఎస్ ఆర్ ఇప్పుడు కొత్త ధరలో సగానికన్నా తక్కువకే చేతులు మారుతున్నాయి. చదువుకునే కుర్రాడికి, షార్ట్ ఫిల్ము తీసేవాడికి, సొంత ఊరి జాతర తీసుకునేవాడికి ఆ ధరకు ఇలాంటి ఫుల్‌ఫ్రేమ్ దొరకడం చిన్న విషయం కాదు. కొనేటప్పుడు షట్టర్ కౌంట్ చూడండి, మౌంట్ దగ్గర గీతలు చూడండి, బిల్లు అడగండి. బీరువాలో డి లెన్సులున్నవాళ్ళు మాత్రం నా మాట, నికాన్ మాట, సోనీ మాట ఎవరిదీ వినకండి. డి750 ఒకటి వెతుక్కోండి. అదీ ఇప్పుడు చవకే, దానికి రెండు స్లాట్లు కూడా ఉన్నాయి.